వసారాలో గడియారం, వంటింట్లో వేళ

ఇంటి సామాను చరిత్ర – 14వ భాగం

కట్టెల పొయ్యి ఎట్లా మూలబడిందో పోయిన భాగంలో చెప్పుకున్నాం. ఆ పొగ పోయాకే వంటింటి గోడ మీదికి రాగలిగిన వస్తువు ఒకటుంది. ఈ వారం దాని సంగతి.

విజయవాడ రోడ్డు మీద ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ దాటుకుంటూ పోతే పెద్ద అంబర్‌పేట్ వస్తుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఆ రహదారిని కలిసేది ఇక్కడే. ఔటర్ వచ్చాక పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లలో విల్లాలు లేచాయి. ఈ కొత్త ఇళ్ళల్లో వంటిల్లు వెనక గది కాదు. హాల్లో కూర్చున్నవాళ్ళకు గ్యాస్ పొయ్యి, చిమ్నీ, గోడ పలకలు అన్నీ కనపడతాయి. అందుకే ఆ గోడను ఎట్లా అలంకరించాలన్న ఆలోచన పుట్టింది. కొందరు తాతల నాటి టేకు గడియారాన్ని దులిపి తెచ్చి తగిలిస్తున్నారు. కొందరు అమెరికాలో ఉన్న పిల్లల చేత అరవై, డెబ్బయ్యేళ్ళ నాటి ఎర్ర కిచెన్ క్లాక్ తెప్పించుకుంటున్నారు. పాత సామాన్ల బజారులో బేరమాడి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు.

ఇందులో ఒక చరిత్ర విశేషం ఉంది. ఆ టేకు గడియారం దాని మొదటి ఇంట్లో వంటింట్లో ఉండేది కాదు. వసారాలోనో, ముందు గదిలోనో, పెద్దాయన కుర్చీకి ఎదురుగానో ఉండేది. పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదింటి దాకా ఇంట్లో ఎవరికన్నా ఎక్కువగా వేళతో పని పడే మనిషి మాత్రం దాని ముఖం చూడకుండానే వంట చేసింది. ఆమెకు గడియారం చెవుల ద్వారా చేరింది. ఆ దారి ఎట్లా పడిందో చూస్తేగాని, ఇవాళ ఆ గడియారాన్ని వంటింట్లో ఎట్లా పెట్టాలో తెలియదు.

గడియారాలు రాకముందు వంటింటికి వేళ తెలియలేదని కాదు. రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము. ఈ లెక్క పంచాంగం చూసేవాళ్ళది. వంట చేసే మనిషికి వాకిట్లో నీడ, పాలు పితికే వేళ, పశువులు మేతకు పోయే వేళ, కోడికూత చాలేవి. హయత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్ళకు ఇంకో ఆనవాలు కూడా ఉండేది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరిట పదిహేడో శతాబ్దంలో వెలసిన ఊరు అది. ఆమె పేరు మీదే అక్కడ పెద్ద మసీదు ఉంది. రోజుకు ఐదుసార్లు అజాన్. హిందువుల ఇళ్ళల్లోనూ అజాన్ విని పొయ్యి రాజేసిన రోజులు తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకు ఇంకా గుర్తే.

ఇదంతా ఎండ కాలం, అంటే సూర్యుణ్ణి బట్టి నడిచే స్థానిక కాలం. రైలు వచ్చాక దానికి పోటీ వచ్చింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు 1874లో వచ్చింది. 1889లో ఆ దారి బెజవాడ దాకా పోయింది. అప్పట్లో రైళ్ళు మద్రాసు కాలం మీద నడిచేవి. మద్రాసు మనకు తూర్పున ఉంది కాబట్టి, హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రైలు గడియారం పన్నెండు దాటి ఏడు నిమిషాలు చూపించేది. 1906 జనవరి 1న బ్రిటిష్ ఇండియాలో ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చింది. 82½ డిగ్రీల తూర్పు రేఖను దానికి ఆధారంగా పెట్టుకున్నారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. పెద్ద అంబర్‌పేట్ దానికి పడమట దాదాపు నాలుగు డిగ్రీల దూరం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, ఇక్కడి సూర్యుడికీ ఇక్కడి గడియారానికీ సగటున పదిహేను నిమిషాల తేడా ఇవాళ్టికీ ఉంది. నీడను చూసి అన్నం వార్చిన మనిషికీ, గడియారాన్ని చూసి భోజనానికి కూర్చున్న మనిషికీ మధ్య పావుగంట ఎడం అట్లా వచ్చింది.

నగరంలో గడియారం మొదట ఆకాశంలో కనపడింది. సుల్తాన్ బజారులో 1865లో గడియార స్తంభం లేచింది. చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు 1889లో అమర్చారు. నిజాం ప్రధాని అస్మాన్ జా 1892లో మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. సికింద్రాబాదులో 120 అడుగుల స్తంభాన్ని 1897 ఫిబ్రవరిలో తెరిచారు. దానికి గడియారం ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కూ గడియారం ఉంది. వీటి డయళ్ళు బజారులో నడిచే మనిషి కోసం. ఇంట్లో ఉన్నవాళ్ళకు వీటి గంటే ఆధారం. గాలి మళ్ళిన వైపు మైలు దూరం వరకు ఆ గంట వినపడేది. చుట్టూ ఇన్ని హారన్లు మోగే కాలంలో ఇది ఊహించడం కష్టం.

గోపురం మీద నుంచి ఆ గంట మిద్దె ఇళ్ళలోకి దిగడానికి మూడు దేశాల ఫ్యాక్టరీలు పనిచేశాయి. మొదటిది అమెరికా. కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టిన సెత్ థామస్, ఆన్సోనియా వంటి కంపెనీలు రేకును అచ్చులతో కొట్టి చౌకగా మిషన్లు చేసి, వాటిని చెక్క పెట్టెల్లో బిగించి ప్రపంచమంతా పంపాయి. ఆన్సోనియా యంత్రాలను 1929లో సోవియట్ ప్రభుత్వం కొనుక్కుని తీసుకుపోయింది. రెండోది జర్మనీ. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలో ష్రాంబెర్గ్ అనే ఊళ్ళో 1861లో మొదలైన యుంగ్‌హాన్స్ కంపెనీ 1903 నాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద గడియారాల ఫ్యాక్టరీ. మూడు వేల మంది పనివాళ్ళతో ఏడాదికి ముప్పై లక్షల గడియారాలు చేసేది. మూడోది జపాన్. కింతారో హట్టోరి 1892లో పెట్టిన సెయికోషా కార్ఖానాలో మొదట తయారైనవి గోడ గడియారాలే. చేతి గడియారాల సెయికో తర్వాతి మాట. మన పాత ఇళ్ళల్లో ఇప్పటికీ దొరికే చెక్క గడియారాల్లో చాలావాటి పుట్టిల్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి.

ఆ గడియారాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. అద్దం తలుపు తెరిస్తే తెల్ల డయల్ మీద రెండు రంధ్రాలు ఉంటాయి. మామూలుగా కుడివైపుది ముళ్ళు తిరగడానికి, ఎడమవైపుది గంట కొట్టడానికి. రెండింటికీ వేరువేరు స్ప్రింగులు. చాబీ వారానికోసారి ఇస్తారు. మిషన్ ఎనిమిది రోజులు నడుస్తుంది, ఆ ఒక్క రోజు మరచిపోయినవాళ్ళ కోసం. గంటకు వేరే స్ప్రింగు ఎందుకంటే దాని పని చిన్నది కాదు. ఒంటి గంట నుంచి పన్నెండింటి దాకా కూడితే 78 దెబ్బలు. అరగంటకొక దెబ్బ చొప్పున ఇంకో పన్నెండు కలిపితే 90. రోజుకు రెండు విడతలు, అంటే 180. ఎనిమిది రోజులకు 1,440 దెబ్బలు కొట్టే బలం ఆ ఎడమ స్ప్రింగులో చుట్టి పెట్టాలి. చిన్న సుత్తి పోయి తగిలేది చాలా గడియారాల్లో గంటకు కాదు, చుట్టలు చుట్టిన ఉక్కు తీగకు. దాన్ని పెట్టె వెనక చెక్కకు బిగిస్తారు. చెక్క మోగుతుంది కాబట్టే ఆ శబ్దం లోతుగా, మూడు గదులు దాటి వినపడుతుంది.

తయారుచేసినవాళ్ళు సగం యంత్రాన్ని చూపుకు, సగం యంత్రాన్ని వినికిడికి కేటాయించారు. డయల్‌కు ఎదురుగా కూర్చున్న మనిషికి గంటతో పనే లేదు. గంట అవసరమైంది వెనక గదుల్లో ఉన్నవాళ్ళకు, చీకట్లో పడుకున్నవాళ్ళకు, గోడ అవతల పొయ్యి ముందు ఉన్నవాళ్ళకు.

మరి వంటింట్లోనే ఎందుకు పెట్టలేదు? మొదటి కారణం పొగ. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి ఉన్న గదిలో మసి దేన్నీ వదలదు. అద్దం నల్లబడుతుంది, ఇత్తడి చక్రాల ఇరుసుల్లో నూనెతో కలిసి మసి గట్టిపడుతుంది, ఏడాది తిరగకముందే లోలకం ఆగిపోతుంది. రెండో కారణం మర్యాద. గడియారం ఖరీదైన వస్తువు, వచ్చినవాళ్ళకు కనపడాల్సిన వస్తువు. చాబీ ఇంటి యజమాని దగ్గర ఉండేది. ఆదివారం స్టూలు ఎక్కి చాబీ ఇవ్వడం ఆయన పని, తర్వాత పెద్దకొడుకు పని. ఆడవాళ్ళు దాన్ని తాకడం చాలా ఇళ్ళల్లో అరుదు. కానీ ఆ గడియారానికి జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళే. పది కొట్టేసరికి కంచంలో అన్నం ఉండాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సుకు ఒక టైము, కచేరీకి ఒక టైము, బడికి ఒక టైము. దిగువ ట్యాంక్‌బండ్ దగ్గర 1920లో డీబీఆర్ (దివాన్ బహదూర్ రాంగోపాల్) మిల్లు వచ్చింది. సికింద్రాబాదు గడియారంతో ముడిపడిన రాంగోపాల్ పేరే ఆ మిల్లుకూ ఉండటం గమనించాలి. మిల్లులున్న చోట సైరన్లు. షిఫ్టుకు పోయే మనిషికి డబ్బా కట్టాల్సిన ఇల్లాలు సైరన్‌కు గంట ముందే లేవాలి. తర్వాత రేడియో. 1950లో హైదరాబాదు రేడియో ఆకాశవాణిలో కలిసింది. పొద్దున ఏడు దాటాక ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు రాష్ట్రంలో లక్షల వంటిళ్ళకు గడియారంగా పనిచేశాయి. వార్తలు మొదలయ్యేసరికి కూర దించాలి, అయిపోయేసరికి పిల్లల తల దువ్వాలి. రేడియో కూడా వసారాలోనే, బల్ల మీదే ఉండేది. వంటింటికి వచ్చింది దాని గొంతు.

ఈ సమయంలోనే ఐరోపా, అమెరికాల్లో వంటింటి కోసమే గడియారాలు పుట్టాయి. వాటి వెనక ఉన్న ఆలోచన వేరు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహ నిర్మాణ పథకం కోసం మార్గరెటే షుట్టే-లిహోత్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక వంటిల్లు గీసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. ఫ్యాక్టరీలో పనివాళ్ళ కదలికలను స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచినట్టే వంటలో ఒక్కో పనికి పట్టే సమయాన్నీ వేసే అడుగులనూ లెక్కపెట్టి, వృథా తగ్గించేటట్టు దాన్ని రూపొందించింది. అట్లాంటివి దాదాపు పది వేలు కట్టారు. అటువంటి వంటింటి గోడకు గడియారం పనిముట్టు. పింగాణీతో చేసిన జర్మన్ కిచెన్ క్లాకులు అందుకే బాగా అమ్ముడుపోయాయి. తడి గుడ్డతో తుడిస్తే చాలు, జిడ్డు పోతుంది. వీటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది స్విట్జర్లాండ్ కళాకారుడు మాక్స్ బిల్ 1956 ప్రాంతంలో యుంగ్‌హాన్స్ కోసం గీసినది. లేత నీలం పింగాణీ, పైన పెద్ద డయల్, కింద నిమిషాలు లెక్కపెట్టే చిన్న టైమర్. వంట చేసే మనిషికి ఎన్ని గంటలయిందో తెలియడం ఎంత అవసరమో, పొయ్యి మీద పెట్టింది ఇంకా ఎన్ని నిమిషాలు ఉండాలో తెలియడం అంతే అవసరమని గుర్తించిన గడియారం అది.

అమెరికాలో హెన్రీ వారెన్ అనే ఇంజనీరు 1916 నాటికి కరెంటుతో నడిచే కొత్త రకం గడియారాన్ని పనిలోకి తెచ్చాడు. లోలకం లేదు, చాబీ లేదు. కరెంటు సెకండుకు ఎన్నిసార్లు దిశ మారుస్తుందో దాన్ని పట్టుకుని మోటారు తిరుగుతుంది. పవర్ హౌస్ సరిగ్గా నడిస్తే ఊళ్ళో అన్ని గడియారాలూ సరిగ్గా నడుస్తాయి. ఆయన టెలిక్రాన్ కంపెనీ, దానితో కలిసిన జనరల్ ఎలక్ట్రిక్ ఎరుపు, పసుపు, లేత ఆకుపచ్చ రంగుల్లో వంటింటి గడియారాలు లెక్కలేనన్ని చేశాయి. కళ్ళూ తోకా ఆడించే నల్లపిల్లి గడియారం కిట్-క్యాట్ 1932లో వచ్చింది. ఇవాళ మన ప్రవాస తెలుగువాళ్ళు పాత సామాన్ల సంతల్లో ఇష్టపడి కొనేవి ఇవే.

మన వంటింట్లోకి గడియారం రావడానికి గ్యాసు రావాలి. ఇండేన్ 1965లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో వచ్చింది. ఆ రెండింటి నడుమ ఏళ్ళలోనే దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు ఉద్యోగుల కాలనీలు పెరిగాయి. రెండు గదులు, ఒక వంటిల్లు, సిమెంటు గట్టు మీద గ్యాసు పొయ్యి. గోడకు మసి లేదు.

ఆ గోడ మీదికి ఎక్కిన మొదటి గడియారం కొన్నది కాదు, చాలా ఇళ్ళల్లో. 1969లో సెయికో క్వార్ట్జ్ చేతి గడియారం తెచ్చింది. ఎనభైల్లో, తొంభైల్లో క్వార్ట్జ్ మిషన్ ప్లాస్టిక్ పెట్టెలోకి దిగి, ఒక్క సెల్లుతో ఏడాది నడిచే చౌక గడియారమైంది. గృహప్రవేశానికీ పెళ్ళికీ బహుమతి అంటే గోడ గడియారమే. డయల్ కింద ఇచ్చినవాళ్ళ పేరు పెయింటు చేయించి ఇచ్చేవాళ్ళు. ఎరువుల కంపెనీలు, సిమెంటు కంపెనీలు, బీమా ఏజెంట్లు పంచినవి వేరే. వాటిల్లో మంచిది హాల్లోకి పోయింది, రెండోది పడకగదికి, మిగిలింది వంటింటికి. ఆ మిగిలిన గడియారం వంటింటి చరిత్రలో పెద్ద మలుపు అని నేను గట్టిగా నమ్ముతాను. పొయ్యి ముందు నిలబడ్డ మనిషి తల తిప్పితే మొదటిసారి వేళ కనపడింది. టైమెంతయిందని హాల్లోకి కేక వేయాల్సిన పని తప్పింది.

హైదరాబాదుకు ఇంకో గొప్ప కూడా ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది, ఇనుప బీరువాలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది. 1981లో జపాన్ సెయికో సాయంతో చేతి గడియారాలు కూడా మొదలుపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఉద్యోగి ఇంట్లో ఫ్రిజ్ మీదా, ఇంటాయన మణికట్టు మీదా ఒకే పేరు ఉన్న రోజులవి. ఆ చేతి గడియారాలు ఇప్పుడు పాత వస్తువులు సేకరించేవాళ్ళ చేతుల్లోకి పోతున్నాయి. వంటింటి ప్లాస్టిక్ గడియారాలను మాత్రం ఎవరూ దాచలేదు. సెల్లు కారి మిషన్ తుప్పు పట్టగానే పాత ఇనుప సామాన్ల బండికి వేసేశారు. ఆడవాళ్ళ కంటికి వేళను చూపించిన మొదటి గడియారాలు అవి. మ్యూజియంలు వాటిని పట్టించుకోవాలి.

ఇక సేకరణ సంగతి. హైదరాబాదులో పాత గడియారాలు వెతికేవాళ్ళు గురువారం జుమ్మెరాత్ బజారుకూ, ఆదివారం ఎర్రగడ్డ సంతకూ, చార్మినారు వెనక ముర్గీ చౌక్ దుకాణాలకూ పోతారు. అక్కడ టేకు పెట్టె చూసి మురిసిపోయే ముందు కొన్ని చూసుకోవాలి. డయల్ మీద రాసిన పేరును నమ్మకండి, డయల్ కొత్తగా అచ్చు వేయించొచ్చు. మిషన్ వెనక పలక చూడండి. యుంగ్‌హాన్స్‌కు ఎనిమిది కోణాల నక్షత్రం మధ్యలో జె అక్షరం ఉంటుంది. హాంబర్గ్ అమెరికన్ అనే ఇంకో గడియారాల కంపెనీకి అడ్డంగా దాటుకున్న రెండు బాణాలు. యుంగ్‌హాన్స్ మిషన్ల మీద కొన్నిసార్లు ఏ లేదా బి అక్షరం, పక్కన రెండు అంకెలు కనపడతాయి. బి 26 అంటే 1926 రెండో అర్ధభాగంలో చేసింది. డయల్ చుట్టూ వాడని పాత మేకు రంధ్రాలు కనపడితే, ఒక గడియారం మిషన్ ఇంకో గడియారం పెట్టెలో కూర్చుందని అర్థం. అది మోసమే కావాలని లేదు. మన దగ్గర పాడైన పెట్టెకు వడ్రంగి చేత కొత్తది చేయించిన ఇళ్ళు చాలా ఉన్నాయి, అటువంటి గడియారానికి దాని చరిత్ర దానికుంది. ధర మాత్రం దాన్ని బట్టి ఉండాలి.

ఒక జాగ్రత్త అన్నింటికన్నా ముఖ్యం. చీకట్లో వెలగడానికి అంకెల మీద రేడియం పూసిన పాత అలారం గడియారాలు వంటింట్లో వద్దు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్‌లో 1917 నుంచి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావాలో 1920ల్లో, ఆ రంగు వేసే అమ్మాయిల్లో ఎందరో కుంచెను పెదవులతో మొన చేసుకుంటూ రేడియం మింగి, దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. ఒటావా కార్ఖానా రంగులు వేసింది వెస్ట్‌క్లాక్స్ అలారం గడియారాలకు. పాత డయల్ ఇప్పుడు వెలగదు కదా అని ధైర్యపడొద్దు. వెలుగునిచ్చే పదార్థం అరిగిపోయింది, రేడియం అట్లాగే ఉంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అద్దం పగిలి, రంగు పొడిగా రాలే గడియారం అన్నం, కూర ఉండే గదిలో ఉండకూడదు. దాన్ని విప్పకండి, గీకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

పెద్ద అంబర్‌పేట్ విల్లాల్లో నేను చూసిన ఇంకో చిక్కు అమెరికా నుంచి వచ్చిన కరెంటు గడియారాలది. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230. నేరుగా ప్లగ్గులో పెడితే చుట్ట కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పని కాదు. అక్కడ కరెంటు సెకండుకు 60 సైకిళ్ళు, ఇక్కడ 50. వారెన్ మోటారు ఆ సైకిళ్ళనే లెక్కపెడుతుంది కాబట్టి, మన గంటలో అది యాభై నిమిషాలే తిరుగుతుంది. పొద్దున ఆరింటికి సరిచేసి పెడితే మధ్యాహ్నం పన్నెండింటికి పదకొండు చూపిస్తుంది. ఎవరూ బాగుచేయలేని లోపం అది, గడియారంలో ఉన్న లోపం కాదు. ఇటువంటివాటికి లోపల సెల్లు మిషన్ పెట్టించుకోవడమే మంచిది. పాత మోటారును పారేయకుండా ఒక డబ్బాలో భద్రం చేస్తే చాలు.

చాబీ గడియారానికి మాత్రం ఆ పని చేయొద్దని నా గట్టి అభిప్రాయం. లోలకాన్ని ఊరికే వేలాడదీసి, వెనక సెల్లు మిషన్ తగిలించిన గడియారాలు అలంకరణ దుకాణాల్లో కొల్లలు. నూరేళ్ళ నాటి మిషన్ బాగుపడగలదు. శుభ్రం చేయించి, గడియారాల నూనె చుక్క ఇరుసుల్లో వేయిస్తే మళ్ళీ నడుస్తుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయకూడదు, అవి చిక్కబడి పట్టేస్తాయి. పొయ్యి పైన గోడకు తగిలించొద్దు. తాళింపు ఆవిరి చిమ్నీ ఉన్నా కొంత పైకి పోతుంది. పొయ్యికి ఎదురు గోడ మేలు, అప్పుడే వంట చేసే మనిషికి కనపడుతుంది కూడా. ఎండాకాలంలో నెమ్మదిస్తే కంగారు పడకండి. ఇత్తడి కమ్మీతో చేసిన లోలకం వేడికి సాగుతుంది. చలికాలం కన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉన్న మే నెలలో రోజుకు పదహారు సెకండ్ల దాకా, అంటే వారానికి దగ్గర దగ్గర రెండు నిమిషాలు వెనకబడుతుంది. లోలకం కింద ఉన్న చిన్న మరను కొంచెం పైకి తిప్పితే సరి. చలికాలంలో మళ్ళీ కిందికి.

బాగుచేసేవాళ్ళ దగ్గరికి పోయినప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే. “అన్నా, ఈ గంట కొట్టకుండ చేయరాదా, రాత్రి నిద్ర పడ్తలేదు.” తీగను వంచితే సుత్తి ఆగిపోతుంది, రెండు నిమిషాల పని. కానీ అట్లా చేయించకండి. కొత్త చోట మొదటి కొన్ని రాత్రులు ఇబ్బందిగానే ఉంటుంది, చెవి తర్వాత సర్దుకుంటుంది. ఒకవేళ ఆరు గంటలకు తొమ్మిది కొడుతుంటే అది చెడిపోయిందని అనుకోకండి. పాత మిషన్లలో దెబ్బలు లెక్కపెట్టేది అంచున గాట్లున్న ఒక చక్రం. గంట స్ప్రింగు అయిపోయినా ముళ్ళు నడుస్తూ పోతే ఆ లెక్క తప్పుతుంది. తెలిసినవాళ్ళు లోపలి చిన్న తీగను పైకెత్తి, లెక్క కలిసేదాకా గంట కొట్టిస్తారు. ముళ్ళను వెనక్కి మాత్రం తిప్పకూడదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో, మూడో సాలార్‌జంగ్ కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ దగ్గర కొన్న గడియారం ముందు ప్రతి గంటకూ జనం పోగవుతారు. గంటకు మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తీసుకుని ఒక బొమ్మ బయటికి వస్తుంది, గంట కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండు దెబ్బలు వినడానికి పిల్లలను ఎత్తుకుని నిలబడతారు. మన ఇంటి గడియారానికీ ఆ పాటి గౌరవం ఇవ్వొచ్చు. అది కొట్టే గంట మొదటి నుంచీ వెనక గదిలో ఉన్న మనిషికి చెప్పాల్సిన కబురు. ఆమె గది ఇప్పుడు ఇంటి ముందుకు వచ్చింది, గడియారం ఆమె ఎదురుగానే ఉంది. అలంకరణ కోసం తగిలించినా తప్పు లేదు, నడిపించండి, గంటను ఆపకండి, చాబీ మాత్రం వంట చేసేవాళ్ళ చేతికే ఇవ్వండి.

వచ్చే భాగంలో: మూడు విజిళ్ళ లెక్క – కుక్కర్ మన వంటింటికి ఎట్లా వచ్చింది.